ఊహాగ్రహంలో వృద్ధాప్య పింఛను

మా మేనల్లుడికి బళ్లో చిత్రమైన పని అప్పజెప్పారు. నచ్చినట్టు ఒక గ్రహాన్ని ఊహించుకుని, రాత్రిపూట అక్కడి ఆకాశం ఎట్లా ఉంటుందో రాసుకురమ్మన్నారు. ఊహించడానికేం, ఎవరైనా ఊహిస్తారు. దాన్ని కనిగిరిలో, కరెంటు పోయిన రాత్రి, మిద్దె మీద మా అమ్మ వింటుండగా చదవడమే కష్టం.

వాడు ముందు ఇద్దరు సూర్యుళ్లను పెట్టాడు. సొంత తెలివేం కాదు, 2011లో బయటపడిన కెప్లర్-16బి గ్రహానికి నిజంగానే ఇద్దరున్నారు.

"ఒక్కడితోనే రోహిణి కార్తెకు రోళ్లు పగల్తుండాయి, ఇంకోడెందుకురా అబ్బయ్యా?" అంది అమ్మ, విసనకర్ర ఆపకుండా.

తమాషా ఏమిటంటే, ఆ ఇద్దరూ మన సూర్యుడి కంటే చిన్నవాళ్లు, వెలుగూ తక్కువే. అందుకే అక్కడ నీళ్లు గడ్డకట్టే చలి. ఆ మాట చెప్పగానే అమ్మకు నమ్మకం కుదిరింది. "అంతేలే, ఇద్దరు కొడుకులున్న ముసలిదానికి కూడు దొరకనట్టు" అంది. మేమూ ఇద్దరు అన్నదమ్ములమే కాబట్టి నేను సప్తర్షుల్ని లెక్కపెట్టుకుంటూ ఉండిపోయాను.

వాడు ఒక సూర్యుణ్ణి కొట్టేసి ట్రాపిస్ట్-1 దగ్గరికి మారాడు. ఆ ఎర్రటి చిన్న నక్షత్రం చుట్టూ ఏడు గ్రహాలున్నాయని 2017లో ప్రకటించారు. అన్నీ గోడకు గోడ ఆనించి కట్టిన ఇళ్లే. ఒకదాని మీద నిలబడితే పక్కది ఒక్కోసారి మన చందమామ కంటే పెద్దగా కనిపిస్తుంది. వాడు మురిసిపోతూ చదువుతుంటే అమ్మ మనసు వినాయక చవితి మీదికి పోయింది. ఒక్క చంద్రుణ్ణి చూస్తేనే నీలాపనిందలు. అక్కడ ఆరు! ఎటు తల తిప్పినా ఏదో ఒకటి. ఊళ్లో ఒక్కడికీ మంచిపేరు మిగలదు.

అసలు ఇబ్బంది ఏడాదితో వచ్చింది. ఆ ఏడింటిలో నాలుగో గ్రహం తన సూర్యుణ్ణి సుమారు 6.1 రోజుల్లో చుట్టేస్తుంది. అంటే ఆరు రోజులకో ఉగాది. అంత వేపపువ్వు ఏ చెట్టిస్తుంది? ఇంకాస్త లెక్క కడితే 60 ఏళ్లంటే మన 366 రోజులు. పుట్టెంట్రుకలు తీయించే నాటికి బిడ్డకు వృద్ధాప్య పింఛను వచ్చేస్తుంది! ఒకటో తారీకు తెల్లారేసరికి సచివాలయం వాళ్లు ఉయ్యాల దగ్గరికి వస్తారు. చీకుతున్న బొటనవేలు నోట్లోంచి లాగి, చొంగ తుడిచి మెషిన్ మీద పెడతారు. అయినా వేలిముద్ర పడదు. ఆ విషయంలో మాత్రం ఏ గ్రహమైనా ఒకటే.

పక్క మిద్దె మీంచి రైతు మామ కల్పించుకున్నాడు. "అయ్యన్నీ సరే, కార్తెల సంగతి చెప్పండ్రా."

అడగాల్సిన మాటే. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే 13, 14 రోజులు మనకొక కార్తె. అట్లాంటివి 27. సూర్యుణ్ణి వదిలేస్తే మనకు అతి దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారీ. దాని చుట్టూ 2016లో దొరికిన గ్రహానికి ఏడాది 11 రోజుల పైచిలుకు. దాన్ని 27 ముక్కలు చేస్తే కార్తెకు పది గంటలు. పొద్దున మృగశిర, సాయంత్రానికి ఆరుద్ర. కంది విత్తనాల సంచి విప్పేలోపే అదను దాటిపోతుంది.

"ఇక్కడ మాత్రం సంచి విప్పుకుని కూచుంటే వానొస్తుందా ఏంది?" అన్నాడు మామ.

ఉత్తరాన ఎత్తులో అభిజిత్తు నక్షత్రం మెరుస్తోంది. దాని వెలుగు మన దాకా రావడానికి 25 ఏళ్లు పడుతుంది. 1996లో వెలిగొండ ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగిన నాడు అక్కడ బయల్దేరిన వెలుగు 2021లో, మధ్యలో ఎక్కడా ఆగకుండా, మా మిద్దె మీద దిగింది. ఆ ప్రాజెక్టుతో కృష్ణ నీళ్లు రావలసింది మాత్రం నల్లమల అవతలి నుంచే.

మేనల్లుడు చివరి ఆశగా తన గ్రహం నిండా సముద్రాలు పోశాడు.

"తాగే నీళ్లేనా? ఫ్లోరైడ్ ఎంతుందో చూపించారా?" అంది అమ్మ. మోకాళ్ల నొప్పులతో బతికే ఊరు మరి.

వాడు చాలాసేపు రబ్బరుతో తుడిచి, కింద నీట్‌గా రాసుకున్నాడు: "నీరు: క్యాన్ 20 రూపాయలు. మిద్దె మీదికి మోస్తే 5 అదనం."