నా మీద కూర్చునే నాన్నలు

నేను రోలర్‌ని. గుంటూరు నల్లపాడులో ఓ ఆటస్థలం మూల, వేపచెట్టు కింద నా కాపురం. ఒకప్పుడు రోడ్ల కాంట్రాక్టరు దగ్గర చేశాను. తుప్పు పట్టి పాత ఇనప సామాను కొట్టులో కాటా ఎక్కబోతుంటే కోచ్ సార్ బేరమాడి తెచ్చుకున్నాడు. పిచ్ చదును చేయడం ఉదయం అరగంట పని. మిగతా పొద్దంతా నాది బెంచీ ఉద్యోగం. పిల్లల్ని దింపడానికొచ్చిన నాన్నలు నా మీదే కూర్చుంటారు, నా మీదే టీ గ్లాసులు పెడతారు, అందరికీ వినపడేట్టు ఆట నేర్పుతారు.

ఈ పిచ్ నల్లరేగడి మట్టి. నీళ్లు కొట్టాక సరిగ్గా ఆరనివ్వాలి. ఓసారి టోర్నమెంటు తొందరలో తడి మీదే నన్ను లాగించారు. మట్టి నా వంటికి అంటుకుని పెచ్చులు పెచ్చులుగా లేచిపోయింది. ఆ పిచ్ మళ్లీ దారికి రావడానికి సీజనంతా పట్టింది. నా మీద కూర్చునేవాళ్ల తొందర కూడా ఇలాంటిదే.

పదమూడేళ్ల కుర్రాడొకడు ఫాస్ట్ బౌలింగ్ వేస్తాడు. వాళ్ల నాన్నకు మిర్చి యార్డులో వ్యాపారం. మే నెల ఎండలకు యార్డుకే సెలవులిస్తారు. మా సమ్మర్ క్యాంపు సరిగ్గా అప్పుడే మొదలవుతుంది! సెలవుల్లో ఉన్న ఆ నాన్న పొద్దుటే నా మీద చేరి "ఇంకో ఓవర్ వెయ్యరా, ఏమైంది నీకు" అని కేకేస్తుంటాడు. పిల్లాడు ఓవర్ అయ్యాక నా హ్యాండిల్‌కి ఆనుకుని, బొటనవేలితో నడుం కింద ఒకేచోట నొక్కుకుంటాడు. నాలుగు రోజులు అదే చోట. నాన్నకది బద్ధకంలా కనపడింది. కోచ్ సార్ బంతి లాక్కుని పక్కన కూర్చోబెట్టాడు.

"ఫీజు కట్టింది కూర్చోబెట్టడానికా అండీ?"

"నడుం పోతే ఏడాది పోతుందండీ. ముందు డాక్టరుకు చూపించండి."

సార్ దగ్గర ఓ నోటు పుస్తకం ఉంది. నెట్స్‌లో వేసిన బంతుల్ని కూడా లెక్క రాస్తాడు. ఇంగ్లండ్ బోర్డు ఫాస్ట్ బౌలర్లకు పెట్టిన పాత లెక్కల్లో పదమూడేళ్ల వరకు ఉన్నవాళ్లకు ఒక స్పెల్‌లో 5 ఓవర్లు, రోజుకు 10. ఎదిగే వయసులో ఎముకలు ఇంకా గట్టిపడి ఉండవు. విసురుగా వంగి తిరిగే నడుం దగ్గర పదేపదే ఒత్తిడి పడితే వెన్నుపూసలో సన్నటి పగులు వస్తుంది. అది కేకలతో తగ్గేది కాదు, విశ్రాంతితో తగ్గేది.

ఇంకో రకం తొందర చెవిలో చెప్పుకునే రకం. పిల్లాడి వయసు రెండేళ్లు తగ్గేలా పుట్టిన తేదీ సర్టిఫికెట్ ఎలా మార్పించాలో నా మీద కూర్చునే ఒకాయన ఇంకొకాయన్ని అడిగాడు. అండర్-16 స్థాయిలో ఎడమ చెయ్యి, మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల వయసు లెక్కగడతారని ఆయనకు తెలీదు. ఆ ఎక్స్‌రే గదిలోకి వెళ్లేది నాన్న కాదు, పిల్లాడు.

వీళ్లందరి నోటా ఒకటే పేరు, షేక్ రషీద్. మన గుంటూరు కుర్రాడే. 2022 అండర్-19 ప్రపంచ కప్‌లో భారత జట్టుకు వైస్ కెప్టెన్. సెమీఫైనల్లో ఆస్ట్రేలియా మీద 94, ఫైనల్లో 50 కొట్టాడు. కొడుకును ప్రాక్టీసుకు తిప్పడం వల్ల వాళ్ల నాన్న ఉద్యోగం పోగొట్టుకున్నారని పత్రికల్లో వచ్చింది. అది చదివి మా వాళ్లు నేర్చుకున్నది ఉద్యోగం మానేస్తే పిల్లాడు రషీద్ అవుతాడని! అలా మానేసి కూడా పేపరుకెక్కని నాన్నలు ఎందరో. నాకు నచ్చే కథ వేరు. గుంటూరు పిల్లాడు కిదాంబి శ్రీకాంత్ బ్యాడ్మింటన్‌లో ముందు డబుల్స్ ఆడేవాడు. సింగిల్స్ వైపు తిప్పింది కోచ్ గోపీచంద్. ఆ శ్రీకాంతే 2014లో చైనా ఓపెన్‌లో లిన్ డాన్‌ని ఓడించాడు, 2018లో ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు. ఇక్కడేమో తొమ్మిదేళ్లవాణ్ణి పట్టుకుని "మావాడు ఆఫ్ స్పిన్నరే, ఇంకేం వెయ్యడు" అంటారు.

2023 డిసెంబరు 26న మా నల్లపాడు లయోలా పబ్లిక్ స్కూల్ మైదానంలోనే ఆడుదాం ఆంధ్రా ఆటల పోటీలు మొదలయ్యాయి. పదిహేనేళ్లు దాటిన ఎవరైనా ఆడొచ్చన్నారు. నా మీద కూర్చుని పాఠాలు చెప్పే ఒకాయన సచివాలయం జట్టులో దిగి, మొదటి బంతికే వికెట్ ఇచ్చుకున్నాడు. ఆ వారం బౌండరీ దగ్గర సలహాలు బాగా తగ్గాయి.

నేను కదల్లేను కాబట్టి అసలు క్లాసు నాకు సగమే వినపడుతుంది. "ఆ క్యాచ్ ఎట్లా వదిలేశావురా?" అంటూ బండి స్టార్ట్ చేస్తారు. మిగతాది దారి పొడుగునా సాగుతుంది. మర్నాడు క్యాచ్ పైకి లేవగానే పిల్లాడు ముందు బంతి వైపు కాదు, నా వైపు చూస్తాడు. ఒకమ్మ మాత్రం ఇడ్లీ డబ్బా చేతికిచ్చి "ఆకలవుతోందా నాన్నా?" అని అడిగి బండి తీస్తుంది. ఆ పిల్లాడు గొప్ప ఆటగాడేం కాదు. కానీ మూడు క్యాంపులుగా మానకుండా వస్తున్నాడు.

ఆడపిల్లలు అలా రాలేకపోతున్నారు. నన్ను లాగడంలో మగపిల్లలకేం తీసిపోరు. పన్నెండు, పదమూడేళ్లకు ఒక్కొక్కరే మానేస్తారు. ఆట మీద విసుగుతో కాదు. ఇక్కడ బాత్రూం లేదు, బట్టలు మార్చుకునే గది లేదు. దాని గురించి నా మీద కూర్చున్న నాన్నల్లో ఒక్కరూ గొంతెత్తలేదు.

వచ్చే వేసవికి పిల్లల్ని చేర్పించేవాళ్లు ఫీజు కంటే ముందు ఇవి అడగండి: ఎండ ముదిరాక నెట్స్ ఆపుతారా, వేసిన బంతులు రాసిపెడతారా, నొప్పంటే కూర్చోబెడతారా, ఆడపిల్లలకు బాత్రూం ఉందా. జవాబు నచ్చకపోతే ఇంకో క్యాంపు చూసుకోండి. నచ్చితే పిల్లాణ్ణి దింపేసి మీ పని మీద వెళ్లండి. కూర్చోవాలనిపిస్తే వేపచెట్టుకు అటువైపు కుర్చీలున్నాయి. నన్ను పిచ్ మీదికి లాగాలి, లేవండి.