కొన్న క్యాసెట్‌కు రెండో నకలు

కాపీరైట్ రిజిస్ట్రార్ గారికి, న్యూఢిల్లీ.

విషయం: డబ్బిచ్చి కొన్న పాటకు ఇంట్లో నకలు తీసుకోవడం.

కొన్న క్యాసెట్‌లోని పాటను సొంతానికి ఫోన్‌లోకి ఎక్కించుకోవడం నేరమా అంటే 1957 నాటి కాపీరైట్ చట్టం సూటిగా జవాబివ్వదు. సొంత అవసరానికి న్యాయమైన రీతిలో వాడుకుంటే ఉల్లంఘన కాదని సెక్షన్ 52(1)(ఎ) అంటుంది. ఈ వెసులుబాటు సౌండ్ రికార్డింగులకు, సినిమాలకు వచ్చింది 2012 సవరణతోనే. ఆ వాడకం కోసం ఎలక్ట్రానిక్ రూపంలో దాచుకోవడమూ తప్పు కాదన్న వివరణ అప్పుడే చేరింది. ఎంతవరకు న్యాయమో మాత్రం రాయలేదు. అది తేలాలంటే కొన్నవాడు ముందు ప్రతివాది కావాలి.

ఈ సందేహం పలాస, టెక్కలి వైపు మరీ ఇబ్బంది పెడుతుంది. సౌండ్ రికార్డింగ్ మీద హక్కు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. టేపుకు అంత ఆయుష్షు ఎక్కడా కష్టమే. ఆ వైపున్న ఉద్దానం తీరంలో తేమకు రీలు బూజు పడుతుంది, ఉప్పుగాలికి ప్లేయర్ తుప్పు పడుతుంది. ఇవి చాలవన్నట్టు 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. పడిపోయిన కొబ్బరి, జీడి చెట్లను రాసుకోవడానికైనా ఎవరో ఒకరు వస్తారు. పెట్టెలో తడిసిన జముకుల కథ క్యాసెట్‌ను ఎవరు రాసుకుంటారు? హక్కు బతికే ఉంటుంది, కొన్న వస్తువు పోతుంది.

సాఫ్ట్‌వేర్ కొన్నవారికి ఈ బాధ లేదు. పోయినా పాడైనా ఆదుకునేలా ఒక నకలు తీసి ఉంచుకోవచ్చని 52(1)(ఎఎ) విడిగా రాసిపెట్టింది. జీడిపప్పు ఫ్యాక్టరీ లెక్కల ప్రోగ్రామ్‌కు దొరికిన వరం, ఆ యజమాని తల్లి వినే హరికథకు దొరకలేదు.

డీవీడీకి డిజిటల్ తాళం ఉంటే సెక్షన్ 65ఎ వర్తిస్తుంది. ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం తీస్తే రెండేళ్ల వరకు జైలు. చట్టం నిషేధించని పనికైతే మినహాయింపు. మళ్లీ అదే చిక్కు.

డబ్బు తీసుకుని మెమరీ కార్డుల్లో పాటలు ఎక్కించే సెల్ షాపు సంగతి వేరు. అది వ్యాపారం, సెక్షన్ 63 కింద మూడేళ్ల దాకా జైలు పడవచ్చు. ఈ లేఖ దానికి వకాల్తా పుచ్చుకోదు.

జర్మనీ 1965లోనే సొంత నకలును ఒప్పుకుని, రికార్డింగ్ యంత్రాల మీద రుసుము పెట్టి హక్కుదారులకు ఇప్పించింది. బ్రిటన్ 2014లో రుసుము లేకుండా అనుమతిస్తే, మరుసటి ఏడాది అక్కడి హైకోర్టు కొట్టేసింది. భారత చట్టం రుసుమూ పెట్టలేదు, అనుమతీ తేల్చలేదు.

చట్టం మార్చేది పార్లమెంటే గనుక కోరిక చిన్నదే: తదుపరి సవరణ ప్రతిపాదనలో (ఎఎ) ఖండానికి సౌండ్ రికార్డింగును, సినిమాను చేర్చాలి, నకలు కొన్నవారి ఇల్లు దాటకూడదన్న షరతుతో సహా.

ఇట్లు,
ఉద్దానం వైపు క్యాసెట్లు కొన్నవారు

జతపరచినది: బూజు పట్టిన క్యాసెట్ ఒకటి, అసలుది. నకలు దగ్గర ఉంచుకోలేదు.