తైలపీడన మాహాత్మ్యము

అరకు ఘాటురోడ్డున మా బావగారి పాతజీపులో ప్రయాణము చేయువాడు, అటు అనంతగిరి కాఫీతోటలు గాని, ఇటు గాలికొండను కౌగిలించుకొన్న మేఘమాలికలు గాని కంటబడకుండ, చమురు పీడనమును తెలుపు మీటరులోని ముల్లునే ఏకాగ్రచిత్తముతో వీక్షించుచు పోవలసియుండును. శృంగవరపుకోట దాటునప్పుడు సగర్వముగ నిలిచియుండు ఆ ముల్లు, కొండ యెక్కగా యెక్కగా ఇంజను కాగి, చమురు పలుచబడి, గాలికొండ దగ్గర బండి నాపి ఇంజనును ఊరక తిరుగనిచ్చునప్పటికి తల వాల్చివేయును. దానితోడనే బావగారి ముఖమును వాలును.

ఈ చింతకు మూలము జీపు కాదు. అమెరికాలో నున్న నా మేనల్లుడు. వానికి మాజ్దా ఆర్‌ఎక్స్-7 అను కారు కలదు. ఫెలిక్సు వాంకెలను జర్మను మేధావి ఊహించగా 1957లో మొదటిసారి తిరిగి, పదేండ్లకు జపానులో మాజ్దా వారి కాస్మో కారునకెక్కిన రోటరీ ఇంజను అందులో నుండును. పిస్టన్లు లేవు, వాల్వులు లేవు. త్రికోణాకృతి గల రోటరు గదిలో గిరగిర తిరుగుటయే దాని పని. ఇందులో చమురునకు రెండు ముఖ్యమైన ఉద్యోగములు: బేరింగులను తడుపుట యొకటి, రోటరు కడుపులోనికి చిమ్మబడి దాని తాపమును హరించుట రెండవది. కావున వేగముగా తోలువారు, చదరపు అంగుళమునకు సుమారు 70 పౌనులకు మించకుండ అదనపు చమురును అడుగుతొట్టిలోనికి వదలివేయు రెగ్యులేటరును తొలగించి, గట్టి స్ప్రింగు గల దానిని బిగించి, పీడనమును 100 దాటింతురు. మావాడును దాటించెను. నాటినుండి ఫోనులో వాని క్షేమసమాచారము కంటె పీడనసమాచారమే ముందు వచ్చుచుండెను.

కుమారుని కారునకు నూరు పౌనులుండగా తండ్రి జీపునకు ముల్లు వాలుట బావగారికి వంశగౌరవ సమస్యయై కూర్చుండెను. పైగా, బైలడిల్ల ఇనుపరాయి ఈ కొండల సొరంగముల గుండా కిరండూలు రైలుమార్గమున విశాఖ రేవు చేరి జపానుకు పోయినదను సత్యమును పట్టుకొని, "ఆ రోటరు పోతపోసిన ఇనుము మనదే" యని ఆయన సిద్ధాంతీకరించెను. ఇందుకు ఆధారమేమని అడిగినవానికి ఆ ఇంట రెండవ కప్పు కాఫీ లభింపదు.

అంతట అరకులో మేస్త్రిని పిలిపించితిమి. విల్లీసు సంతతి జీపులలో రెగ్యులేటరుగ చమురు పంపునకే ఒక వాల్వును, దానివెనుక ఒక స్ప్రింగును ఉండును. స్ప్రింగు వెనుక షిమ్మను సన్నని బిళ్లను చేర్చినచో పీడనపు హద్దు పెరుగును. బావగారు ఆ షిమ్ములను అరచేత పట్టుకొని, "నాలుగైనా వెయ్యి, మేస్త్రీ, వెనుదీయకు" అనిరి. మేస్త్రి పాతమీటరును పట్టించుకొనక, తనవద్ద నున్న మరియొక మీటరును ఇంజనునకు తగిలించి, బండిని బాగుగ వేడెక్కించి, ముల్లును తేరిపార జూచి, బీడీ ఆర్పి యనెను:

"బాబుగారూ, సెరువులో నీరు నేకుండా అలుగు ఎత్తు పెంచితే ఏటవుతాది?"

బావగారు నిరుత్తరులైరి. నేను మేస్త్రివైపు చేరిపోతిని, ఏలనన అది శాస్త్రసమ్మతము. హద్దు మీరిన పీడనమును వదలుట తప్ప, లేని పీడనమును పుట్టించు శక్తి రెగ్యులేటరునకు లేదు. ఇంజను ఊరక తిరుగునపుడు పీడనము హద్దునే అందుకొనదు గనుక ఆ వాల్వు మూసుకొనియే యుండును. మూసియున్న తలుపునకు ఇంకొక గడియ వేసి ప్రయోజనమేమి? మేనల్లుడు పెంచినది పరుగువేళ పైహద్దు. మాకు కావలసినది నిలుకడవేళ క్రిందిమట్టము. అరిగిన బేరింగుల సందులనుండి చమురు సులభముగ జారిపోవుచుండగా ముల్లు ఏమి పట్టుకొని నిలుచును?

క్రాంకు బేరింగులు విప్పి చూడగా, పైనున్న తెల్లని పూత అరిగి, అడుగున రాగిరంగు తేలియుండెను. క్రొత్తవి పడినవి. స్ప్రింగును ఎవరును ముట్టలేదు. గాలికొండ దగ్గర ముల్లు ఇప్పుడు కొంచెము తగ్గును గాని వాలదు. బావగారు మాత్రము ఆ రాత్రియే కుమారునికి ఫోను చేసి, "ముందు నీ బేరింగులు చూపించుకోరా" యని ఉపదేశించిరి.

పాఠకులలో ఎవరి బండి ముల్లయినను వాలినచో, మొదట వేరొక మీటరు తగిలించి నిజమేమో చూడుడు. పిమ్మట చమురు గ్రేడును, బేరింగులను చూపించుడు. అరకు వచ్చి చూపించదలచినవారు సంతరోజున మాత్రము రావలదు, ఆనాడు మేస్త్రి దొరకడు.