సార్, కాస్త పి వ్యాల్యూ వేసిపెట్టండి

మెడికల్ కాలేజీల్లో పీజీ థీసిస్ గడువు దగ్గరపడే కొద్దీ స్టాటిస్టీషియన్ గది ముందు రద్దీ పెరుగుతుంది. అప్పటిదాకా ఆ గది ఎక్కడుందో తెలియని వాళ్లంతా పెన్‌డ్రైవ్‌లు పట్టుకుని బారులు తీరతారు. పెన్‌డ్రైవ్‌లో ఒక ఎక్సెల్ షీటు. వయసు గడిలో ఒకచోట 45, ఇంకోచోట ‘45 వై’, మరోచోట ఖాళీ. ఆడా మగా రాయాల్సిన గడిలో ఎం, మేల్, ఎఫ్, మధ్యలో ఒక ప్రశ్నార్థకం. కొన్ని వరసలకు పసుపు రంగు. వాళ్లు మధ్యలో మానేసిన రోగులో, చనిపోయిన రోగులో రంగు పూసిన వాళ్లకే గుర్తుండదు. కోరిక మాత్రం ఒక్కటే: ‘సార్, కాస్త పి వ్యాల్యూ వేసిపెట్టండి.’ నిజంగా తేడా ఏమీ లేకున్నా ఇలాంటి ఫలితం యాదృచ్ఛికంగా వచ్చే అవకాశాన్ని చెప్పే అంకె అది. చనువున్న వాళ్లయితే, ఫలితం ‘సిగ్నిఫికెంట్’ అనిపించుకోవడానికి, అది 0.05 కన్నా తక్కువ వచ్చేలా చూడమంటారు, జిరాక్సు షాపులో కాస్త డార్క్‌గా తీయమన్నట్టు.

ఈ జబ్బు పాతదే. దాన్ని గుర్తుపట్టిన పెద్దమనిషి ఆ మాట చెప్పింది కూడా మన గడ్డ మీదే. 1938లో కలకత్తాలో జరిగిన మొదటి భారత గణాంక సదస్సులో అధ్యక్షోపన్యాసం చేస్తూ గణాంకవేత్త రొనాల్డ్ ఫిషర్, ప్రయోగం అయిపోయాక గణాంకవేత్తను పిలవడమంటే శవపరీక్షకు పిలవడమేననీ, అది దేనివల్ల చచ్చిందో మాత్రం ఆయన చెప్పగలడేమోననీ అన్నాడు. ఆ ఫిషర్ దగ్గరే కేంబ్రిడ్జిలో పీహెచ్‌డీ చేసిన సి.ఆర్. రావు మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కలు చదివినవాడు. 2023లో ఆయనకు అంతర్జాతీయ గణాంక బహుమతి వస్తే పొంగిపోయాం. హైదరాబాద్‌లో ఒక రోడ్డుకు ఆయన పేరు పెట్టుకున్నాం. ఆ రోడ్డు మీద రోజూ వెళ్లే డాక్టర్లు కూడా తమ లెక్కల మనిషిని పిలిచేది శవపరీక్షకే.

ముందే పిలిస్తే ఏం ఒరుగుతుంది? ఒక ఆపరేషన్ తర్వాత నూటికి ఇరవై మందికి ఇన్ఫెక్షన్ వస్తోందనుకుందాం. కొత్త పద్ధతి దాన్ని పదికి తగ్గిస్తుందని మన ఆశ. ఆ తేడా నిజంగా ఉంటే, పట్టుకునే అవకాశం నూటికి ఎనభై ఉండాలంటే ఒక్కో గ్రూపులో దాదాపు రెండు వందల మంది కావాలి. మన థీసిస్‌లలో ఎంతమంది ఉంటారు? ముప్ఫై. ఎందుకు ముప్ఫై అంటే సీనియర్ ముప్ఫై తీసుకున్నాడు, ఆయనకు ముందు ఆయన సీనియరూ అంతే. ముప్ఫై మందితో ఆ తేడా దొరికే అవకాశం ఐదింట ఒక వంతు కూడా లేదు. అందుకే చివరికి ‘రెండు పద్ధతులకూ తేడా లేదు’ అని రాస్తారు. తేడా లేకపోవడం వేరు, చూసే కళ్లజోడు లేకపోవడం వేరు. ఇంతకన్నా గొప్ప విద్య ఇంకొకటుంది. ముప్ఫై మందిని చేర్చేశాక, సరిగ్గా ముప్ఫై అని జవాబొచ్చే శాంపిల్ సైజు లెక్కను వెనక నుంచి కట్టించుకుని, మొదట్లోనే కట్టినట్టు ప్రోటోకాల్‌లో అతికించడం. జవాబు చూసుకుని లెక్క చేసే పిల్లాడికి బడిలో వీపు విమానం మోత మోగుతుంది. ఇక్కడ డిగ్రీ వస్తుంది.

థీసిస్ శిక్షణ కోసం చేసే పనేనని, దాన్ని క్లినికల్ ట్రయల్‌తో పోల్చకూడదని అంటారు. నిజమే కావచ్చు. ఆ సంగతి రక్తమిచ్చిన రోగికి చెప్పారా? సమ్మతి పత్రంలో ‘దీనివల్ల ఏమీ తేలదు, మాకు అలవాటవడానికి’ అని రాస్తే సంతకం పెట్టేవాళ్లు ఎందరో చూడాలని ఉంది.

పోనీ, పెద్ద ట్రయల్స్‌లో ఈ గోల లేదా? 1988లో వెలువడిన ఐసిస్-2 అధ్యయనంలో గుండెపోటు అనుమానంతో చేరిన 17,187 మంది ఉన్నారు. ఆస్పిరిన్ ప్రాణాలు కాపాడుతుందని తిరుగులేకుండా తేలింది. అయితే ఏ ఏ రకం రోగులకు ఎంత మేలో ముక్కలుముక్కలుగా చూపమని వైద్య పత్రిక ‘లాన్సెట్’ పట్టుబట్టింది. పరిశోధకులు సరేనని రోగుల పుట్టినరోజులను బట్టి రాశులవారీగా కూడా లెక్క వేసి పెట్టారు. మిథున, తులా రాశుల వారికి ఆస్పిరిన్ పనిచేయలేదు, కాస్త చెరుపు చేసినట్టు కూడా కనిపించింది! ముక్కలు చేస్తూ పోతే ఏదో ఒక ముక్కలో ఏదో ఒకటి కనిపించి తీరుతుందని చెప్పడానికి చేసిన ఎగతాళి అది. మన పంచాంగకర్తలు ఎందుకో దీన్ని వదిలేశారు. ఏ తేడా లేని చోట కూడా వేర్వేరుగా ఇరవై పరీక్షలు చేస్తే కనీసం ఒకటి ‘సిగ్నిఫికెంట్’ అయ్యే అవకాశం నూటికి అరవై నాలుగు.

అమెరికాలో ఇంటర్‌మ్యూన్ కంపెనీ ఇదే పని నవ్వులాట కాకుండా చేసింది. ఊపిరితిత్తులు గట్టిపడిపోయే జబ్బుకు దాని మందు మీద చేసిన ట్రయల్, ముందు అనుకున్న లెక్క ప్రకారం ఫెయిలైంది. అప్పుడు జబ్బు మరీ ముదరని రోగులను విడదీసి చూస్తే పి 0.004 వచ్చింది. 2002లో ఆ మందు వాళ్ల ప్రాణాలు నిలుపుతుందని పత్రికా ప్రకటన ఇచ్చారు. తర్వాత ఆ మాటనే పరీక్షించడానికి పెద్ద ట్రయల్ పెట్టి, ఫలితం లేక 2007లో ఆపేశారు. మందు తీసుకున్న వాళ్లలో మరణాలు ఉత్తుత్తి మందు వాళ్లకన్నా రవ్వంత ఎక్కువే. ఆ ప్రకటనకు కంపెనీ అధిపతిని 2009లో మోసం కేసులో దోషిగా తేల్చారు. 2021లో ఆయనకు అధ్యక్షుడి క్షమాభిక్ష దొరికింది. ఆ మందు వాడిన రోగులను మాత్రం ఎవరూ ఏమీ అడిగినట్టు లేదు.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్ వచ్చింది, మనిషితో పనేమిటనే వాళ్లున్నారు. సాఫ్ట్‌వేర్ ఏ షీటు ఇచ్చినా జవాబిస్తుంది, అదే దాని లోపం. పసుపు రంగు వరసల సంగతేమిటని అది అడగదు. అడగాల్సిన మనిషి మీద ఎలాంటి ఒత్తిడి ఉంటుందో 2018లో ‘ఆనల్స్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్’లో వచ్చిన సర్వే చెప్పింది. అమెరికాలో 390 మంది బయోస్టాటిస్టీషియన్లు జవాబిచ్చారు. తమకు వచ్చే ఘోరమైన కోరికల్లో తరచుగా ఎదురయ్యేది, అనుకున్నది రుజువయ్యేలా కొన్ని రికార్డులు తీసేయమనో మార్చమనో అడగడమట. అక్కడ కూడా మనలాంటి వాళ్లే ఉన్నారని ఊరట చెందాలేమో. ఆ కోరికలు తీర్చే స్టాటిస్టీషియన్లూ ఉంటారు, వాళ్లను వెనకేసుకురానక్కర్లేదు. కానీ ‘కుదరదు’ అన్న వాడి దగ్గరికి మరుసటి ఏడాది ఎవరూ పెన్‌డ్రైవ్ తీసుకురారు. కుదిరించే వాడి పేరు మాత్రం హాస్టళ్లలో నోటా నోటా పాకుతుంది. అమీర్‌పేటలో క్లినికల్ శాస్ అనే గణాంక సాఫ్ట్‌వేర్ కోర్సు చేసిన కుర్రాడు కంపెనీకి పోయి, ఇంతకన్నా మర్యాద, జీతం రెండూ చూస్తాడు.

కాలేజీలో ఉండిపోయిన వాడికి దక్కేదేమిటో అచ్చయిన పేపరు తిప్పి చూస్తే తెలుస్తుంది. రచయితల వరసలో గైడు, గైడుకు గైడు, వార్డులో ఒకసారి తొంగిచూసిన ప్రొఫెసరు ఉంటారు. విశ్లేషణ ఎలా చేశారో చెప్పే పేరాలో గణాంక సాఫ్ట్‌వేర్ ఎస్‌పీఎస్‌ఎస్ వెర్షన్ నంబరు, దాన్ని అమ్మే ఐబీఎం పేరు, ఆ కంపెనీ ఉండే ఊరు ఆర్మంక్, న్యూయార్క్ అని కామాలతో సహా ఉంటుంది. ఆ ఎక్సెల్ షీటును కడిగి, ఆరబెట్టి, లెక్క కట్టిన మనిషి పేరు మాత్రం, దయ కలిగితే, చివర కృతజ్ఞతల్లో టైపిస్టు తర్వాత వస్తుంది.