పొయ్యి ముట్టించని పిండివంట

డిసెంబరు రెండో వారం వచ్చిందంటే మద్రాసులో రెండు రకాల వానలు కురుస్తాయి. ఒకటి బంగాళాఖాతం పంపేది. దాని సంగతి నుంగంబాక్కం వాతావరణ కేంద్రం వాళ్ళు చూసుకుంటారు. రెండోది అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపుల్లో కురిసేది. దానికి ముందస్తు హెచ్చరిక కూడా ఉండదు. “ఈ క్రిస్మస్‌కి మా ఇంట్లో, మా చేత్తో చేసిన స్వీట్ అండ్ సేవరీ పార్టీ మిక్స్! రసాయనాలు లేవు! ప్రేమ మాత్రమే కలిపాం! ఆర్డర్లు త్వరపడండి!” కింద ఒక ఫొటో. గాజు సీసా, సీసా మెడకు జనపనార తాడు, తాడుకు వేలాడుతూ దాల్చినచెక్క, మూత మీద ఎర్రగళ్ళ గుడ్డ. ఇంత అలంకారం మధ్య సీసాలో ఏముందో తెలియాలంటే ఫొటోని రెండు వేళ్ళతో సాగదీసి చూడాలి.

సాగదీస్తే కనబడేవి ఇవి: కార్న్‌ఫ్లేక్స్, మెలి తిరిగిన ప్రెట్జెల్స్, ఉప్పు బాదం, ఎండు క్రాన్‌బెర్రీలు, రంగు రంగుల చాక్లెట్ బిళ్ళలు, అన్నిటి మీద తెల్ల చాక్లెట్ చారలు. ఇవన్నీ సూపర్‌మార్కెట్ అరల్లో ప్యాకెట్లుగా నిలబడి ఉన్నవే. ఇంట్లో జరిగిందల్లా కత్తెర పని. ప్యాకెట్లు కత్తిరించారు, బేసిన్‌లో పోశారు, గరిటెతో నాలుగు తిప్పులు తిప్పారు, మైక్రోవేవ్‌లో కరిగించిన చాక్లెట్‌ని చెంచాతో చిలకరించారు. పొయ్యి ముట్టించలేదు, నూనె చిట్లలేదు, పిండి మెత్తబడిందో గట్టిబడిందో అని ఎవరూ దిగులుపడలేదు. దీన్ని చేతివంట అంటే మా వీధి చివర కిరాణా కొట్టులో పొట్లాలు కట్టే కుర్రాణ్ణి తీసుకెళ్ళి నలభీముల మధ్య పీట వేసి కూర్చోబెట్టాలి.

ఈ సరుకుకి వంశవృక్షం కూడా ఉంది. 1950ల్లో అమెరికాలో సెయింట్ లూయిస్ నగరపు రాల్‌స్టన్ ప్యూరినా కంపెనీ దీన్ని ఊరూరా ప్రచారం చేసింది. ఆ కంపెనీ మనుషులకు పొద్దుటి ఫలహారమూ, పశువులకు దాణా కూడా అమ్మేది. చెక్స్ అనే తన ఫలహారపు బిళ్ళలు పొద్దున పూటే ఖర్చయితే చాలదనుకుని, సాయంత్రం పార్టీలకు కూడా ఇలా కలుపుకోండి అని ఒక పద్ధతి చెప్పింది. బిళ్ళలు, గింజలు, వెన్న, వూస్టర్‌షైర్ సాస్. అమ్మకాల ఎత్తుగడే అయినా అందులో ఒక నిజాయితీ ఉంది. ఆ అమెరికా తల్లులు దాన్ని ఓవెన్‌లో సన్నని సెగ మీద గంటసేపు పెట్టి, పావుగంటకోసారి తీసి కలియబెట్టేవాళ్ళు. మనవాళ్ళు ఆ గంట కూడా కోసేశారు. వూస్టర్‌షైర్ సాస్‌లో చింతపండు పడుతుందని ఎంతమందికి తెలుసో గాని, మన చింతపండు ఇంగ్లండు సీసాలో దూరి, పేరు మార్చుకుని, మళ్ళీ అడయారు దుకాణంలో దిగుమతి సరుకుల అరలోకి వచ్చి కూర్చుంది. ఇంట్లో చారు పొంగుతుంటే ముక్కు మూసుకునేవాళ్ళు దాన్ని మాత్రం ఆప్యాయంగా వాసన చూస్తారు.

ఈ మిక్స్‌లో తీపి రకాలకు అమెరికా వాళ్ళు పప్పీ చౌ, రెయిన్‌డీర్ చౌ అని పేర్లు పెట్టుకున్నారు. ఒకటి కుక్కపిల్లల మేతట, ఇంకొకటి మంచుజింకల మేతట. చేసినవాళ్ళకి దాని మీద ఏ భ్రమలూ లేవు. భ్రమలన్నీ అణ్ణానగర్‌లో, బెసంట్ నగర్‌లో పెరుగుతున్నాయి.

ఇంతకీ మద్రాసుకి ఇలాంటిదొకటి కొత్తా? మిక్చర్ తినని మనిషి ఈ ఊళ్ళో దొరుకుతాడా? తీపి, కారం ఒకదాని వెంట ఒకటి నడవాలన్నది ఈ ఊరి రాజ్యాంగం. స్వీట్, కారం, కాఫీ అంటే ఇక్కడ ఒకే మాట. పెళ్ళిచూపులకి సొజ్జి, బజ్జి పక్కపక్కన పెట్టకపోతే పిల్లవాడి తరఫువాళ్ళు జాతకం సరిపోలేదని లేచిపోయే ఊరిది. అలాంటి ఊరికి వచ్చి, తీపీ ఉప్పూ కలిపితే ఎంత బాగుంటుందో తెలుసా అని పాఠం చెబుతున్నారు!

మిక్చర్ చేసే చోట ఒక్క పూట నిలబడి చూడండి. శనగపిండి కలిపి జంతికల గొట్టంలో సన్నబిళ్ళ వేసి కారప్పూస ఒత్తాలి. దాని సెగ వేరు. పలచటి పిండిని చిల్లుల గరిటెలో పోసి తడితే బూందీ జారాలి. పిండి చిక్కబడితే ముత్యాలు రావు, తోకలు వస్తాయి. అటుకుల్ని జల్లెడ గరిటెలో పోసి నూనెలో ముంచితే లెక్కపెట్టేలోపు పొంగుతాయి, మరో క్షణం ఆగితే మాడతాయి. మొక్కజొన్న అటుకులకి ఇంకాస్త ఎక్కువ కాక కావాలి. పాలల్లో వేసుకునే డబ్బా కార్న్‌ఫ్లేక్స్ వేరు, మనం వేయించే ఈ ఎండు అటుకులు వేరు. ఆ తేడా తెలియకుండా మొదటివాటిని నూనెలో వేసినవాళ్ళ బాణలి చూడలేం. పల్లీలు నిదానంగా, పుట్నాలు ఇట్టే, జీడిపప్పు కనురెప్పపాటులో. చివర కరివేపాకు గలగలలాడాలి. అన్నీ దించాక, వేడి తగ్గకముందే ఉప్పు, కారం, ఇంగువ చల్లి ఎగరేయాలి. చల్లారితే ఉప్పు పట్టదు, డబ్బా అడుక్కి చేరుతుంది. అంటే మిక్చర్‌లో కలపడం ఆఖరి రెండు నిమిషాల పని. మన పార్టీ మిక్స్ కళాకారులు ఆ రెండు నిమిషాలు మాత్రం తమ దగ్గర ఉంచుకుని, ముందున్న పూటంతా కోసి పారేసి, సంతకం మాత్రం పెద్దగా పెడుతున్నారు. సొమ్మొకడిది, సోకొకడిది.

పోనీ కలపడమైనా తెలిసి కలుపుతారా అంటే అదీ లేదు. ఎండు క్రాన్‌బెర్రీలో, కిస్‌మిస్‌లో తడి ఉంటుంది. కరకరలాడే అటుకులో ఉండదు. రెండింటినీ ఒకే సీసాలో పెట్టి మూత బిగిస్తే ఆ తడి నెమ్మదిగా అటుకులోకి పోతుంది. నాలుగు రోజుల్లో పండు గట్టిపడుతుంది, అటుకు మెత్తబడుతుంది. పైగా ఈశాన్య రుతుపవనాల డిసెంబరు. ఉతికిన బట్టలే రెండు రోజులు ఆరని గాలి. ఉప్పూ పంచదారా ఆ గాలిలోంచే నీళ్ళు లాగుతాయి. మన పాతకాలం వాళ్ళు తీపి డబ్బా వేరు, కారం డబ్బా వేరు పెట్టింది ఛాదస్తంతో కాదు. పళ్ళెంలో కలిసేవి, డబ్బాలో కలిసేవి కావు.

ఇక ఆ తెల్ల చాక్లెట్. ఎక్కువ సీసాల్లో ఉండేది కాంపౌండ్ అనే సరుకు. కోకో వెన్న ఉండాల్సిన చోట వేరే వంటనూనె కొవ్వు ఉంటుంది. చవక, ఎండకి తొందరగా కరగదు, ఆరబెట్టడానికి పనితనం అక్కర్లేదు. వాడుకోవచ్చు, నేరమేమీ కాదు. కాని సీసా మీద ‘బెల్జియన్ రుచి’ అని రాయడానికి గుండె ధైర్యం కావాలి. రసాయనాలు లేవు అన్న మాట కూడా ఇలాంటిదే. రంగుబిళ్ళలకి ఆ రంగులు వేపేరి తోటల్లో కాశాయా? ప్యాకెట్టు వెనక చిన్నక్షరాల్లో ఏమేం కలిపారో, ఎప్పుడు తయారైందో, ఎప్పటిలోగా తినాలో రాసి ఉంది. ఆ ప్యాకెట్లు చెత్తబుట్టలోకి పోయాయి, వాటితోపాటు తేదీలూ పోయాయి. అమ్మకానికి పెట్టిన తిండి మీద ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే 14 అంకెల నంబరు ఉండాలన్నది చట్టం. ఈ సీసా మీద దాని చోటులో ఒక గుండె బొమ్మ ఉంది.

ఐటీ ఆఫీసుల ఓఎంఆర్ రోడ్డు కథ ఇంకా రుచిగా ఉంటుంది. పెరుంగుడి నుంచి సిరుసేరి దాకా ప్రతి ఆఫీసులోనూ క్రిస్మస్‌కి ముందు పాట్‌లక్ అని ఒక తంతు జరుగుతుంది. తలా ఒకటి ఇంటి నుంచి చేసి తేవాలి. మన నెల్లూరు, గుంటూరు, ఒంగోలు పిల్లలకి ఇక్కడ కొదవలేదు. వాళ్ళుండే పీజీ హాస్టళ్ళ బోర్డులే తెలుగులో ఉంటాయి. అమ్మ బస్సులో పంపిన జంతికల డబ్బా, అరిసెల డబ్బా మంచం కింద ఉంటాయి. వాటిని ఆఫీసుకి తీసుకెళ్ళడానికి నామోషీ. పది నిమిషాల్లో సరుకులు తెచ్చే యాప్‌లో నాలుగు ప్యాకెట్లు తెప్పించి, ప్లాస్టిక్ బేసిన్‌లో కలిపి, ‘హోమ్‌మేడ్’ అని చీటీ అంటించి తీసుకెళ్తారు. ఆ హాస్టల్లో ఇండక్షన్ స్టవ్ కనబడితే వార్డెన్ పట్టుకుపోతాడు. ఏ హోమ్, ఏం మేడ్? ఆఫీసులో అందరూ వావ్ అంటారు. మంచం కింద అరిసెలు చీమలపాలవుతాయి.

ఈ ఊరి అసలు క్రిస్మస్ పళ్ళెం చూడాలనుంటే వేపేరి, పెరంబూరు, పరంగిమలై వైపు వెళ్ళాలి. పెరంబూరులో రైల్వే వర్క్‌షాపుల నీడన పెరిగిన ఆంగ్లో ఇండియన్ ఇళ్ళున్నాయి. తెలుగు క్రైస్తవులు కూడా ఈ ఊరికి నిన్న మొన్న దిగినవాళ్ళు కారు. 1840లో నెల్లూరు చేరకముందు శామ్యూల్ డే దొర రెండు మూడేళ్ళు మద్రాసులోనే ఉన్నాడు. ఆయన పేరు పెట్టుకున్న తెలుగు బాప్టిస్టు చర్చి వేపేరిలో ఇప్పటికీ ఉంది. ఆ చర్చి మెట్లు దిగి వచ్చే పెద్దమ్మల్ని అడగండి, కల్‌కల్ అంటే ఏమిటో చెబుతారు. మన గవ్వలకి మేనత్త కూతురది. మైదాపిండిలో కొబ్బరిపాలు, గుడ్డు, కాస్త వెన్న వేసి కలిపి, గోళీ అంత ఉండ తీసి, ఫోర్కు వెనక్కి తిప్పి దాని పళ్ళ మీద బొటనవేలితో నొక్కి లాగితే గీతలు పడి చుట్ట చుట్టుకుంటుంది. ఫోర్కు లేకపోతే కొత్త దువ్వెన. మన వైపు గవ్వల పీట. గోవాలో దీన్నే కిడియో అంటారు, పోర్చుగీసు వంటింట్లోంచి వచ్చిందంటారు. ఎక్కడి నుంచి వచ్చినా ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. కిలో పిండికి వందల చుట్టలు. అందుకని ఇల్లంతా కూర్చోవాల్సిందే. రిటైరైన తాతయ్య, పరీక్షలైపోయిన పిల్లలు, కబుర్లకొచ్చిన పక్కింటి అక్క, ‘నాకు రాదు’ అని తప్పించుకోబోయిన బాబాయి, అందరి చేతికీ ఒక ఫోర్కు. బాబాయి చుట్టినవి మాత్రం నూనెలో విచ్చుకుంటాయి. ఆయనకి అవే వడ్డిస్తారు.

గులాబి పువ్వులు ఇంకో పరీక్ష. తమిళులు అచ్చు మురుక్కు అంటారు, ఇంగ్లీషు ఇళ్ళలో రోజ్ కుకీస్. కొత్త అచ్చు కొనుక్కొచ్చి ఆ రోజే పువ్వులు వేద్దామంటే అది ఒప్పుకోదు. ముందు బియ్యం కడిగిన నీళ్ళలో నానాలి, నూనె పట్టించి నాలుగు రోజులు పడుకోబెట్టాలి. పిండిలో ముంచేముందు అచ్చు నూనెలో కాగి ఉండాలి. ముంచినప్పుడు పిండి అచ్చు అంచుకి కిందే ఆగాలి. పైకి పాకిందా, పువ్వు అచ్చుకి కరుచుకుని రానే రాదు, చాకు మొనతో పొడిచి తియ్యాల్సిందే. మొదటి రెండు మూడు ఎప్పుడూ పాడవుతాయి. వాటి కోసమే పిల్లలు పొయ్యి దగ్గర కాపలా కాస్తుంటారు.

ఇవి, అరిసెలు, జంతికలు, ఒక ముక్క కేకు పెద్ద పళ్ళెంలో సర్ది, మీద చేత్తో అల్లిన గుడ్డ కప్పి, పక్క వాటాల వాళ్ళకి పంపుతారు. అయ్యర్లకీ, సాయిబులకీ, సేట్లకీ. గుడ్డు పడినవి వద్దనుకునే ఇళ్ళకి గుడ్డు లేనివి వేరే కట్టి పంపే మర్యాద కూడా అందులో ఉంది. పళ్ళెం ఖాళీగా తిరిగి రాదు. కనీసం పిడికెడు పంచదార వేసైనా ఇస్తారు. పొంగల్‌కి, రంజాన్‌కి అవతలి పళ్ళెం వస్తుంది. సీసాకి ఆ లెక్క లేదు. సీసాకి ఉన్నది క్యూఆర్ కోడ్.

ఉద్యోగాలు చేసుకునేవాళ్ళం, ఇంత తీరికెక్కడిది అంటారా? ఒప్పుకున్నాను. రెండు గంటలు మెట్రోలో, ట్రాఫిక్‌లో పోగొట్టుకుని ఇంటికొచ్చిన మనిషిని బాణలి ముందు నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. ఆ మనిషి ఎప్పుడూ ఇల్లాలే అవుతుందని కూడా తెలుసు. కొనుక్కోండి. పెరంబూరులో, పల్లావరంలో కల్‌కల్ ఆర్డర్లు తీసుకునే ఆడవాళ్ళున్నారు. నూనె సెగకి మోచేతుల మీద మచ్చలున్నవాళ్ళు. వాళ్ళ దగ్గర కిలో కొని, పార్టీలో పెట్టి, ఫలానా ఆవిడ చేసింది అని చెప్పండి. మిఠాయి కొట్టు మిక్చర్ కొని, కొట్టు పేరు చెప్పండి. కొన్న తిండిలో సిగ్గు లేదు. సిగ్గంతా ఆ చీటీలో ఉంది.

చీటీ మీద రాయాల్సిన పేరు ఇంకొకటుంది. ప్యాకెట్లు కత్తిరించింది, బేసిన్ తోమింది, సీసాలు కడిగి ఆరబెట్టింది, తాడు కత్తిరించి ముడులు వేసింది ఎవరు? చాలా ఇళ్ళలో మధ్యాహ్నం పనికొచ్చే అమ్మాయి. వ్యాసర్‌పాడిలోనో పులియంతోపులోనో ఉంటుంది, తెలుగు కూడా మాట్లాడుతుంది. ఇరవై నాలుగో తేదీ సాయంత్రం ‘మెర్రీ క్రిస్మస్’ అని ఒక సీసా ఆమె చేతిలో పెడతారు. దాంట్లో ఏముందో ఆమెకి వేరే చెప్పక్కర్లేదు. ఆమె ఇంటికెళ్ళి, రాత్రి పదింటికి బాణలి పెట్టి, తన ఇంటి పువ్వులు వేసుకోవాలి.

సీసా మాత్రం బాగుంటుంది, అన్యాయంగా మాట్లాడకూడదు. మంచి మందం గాజు, బిగుతు మూత. మిక్స్‌కి పుచ్చుకునే ఆరేడు వందల రూపాయల్లో సగం దానికే అయివుంటుంది. లోపలిది సంక్రాంతి లోపే మెత్తబడుతుంది కనక పారబోసి, కడిగి మెంతులు పోసుకోవచ్చు. ఆ స్టిక్కరు ఒక్కటే ఊడదు. వేడినీళ్ళు పోసినా, కొబ్బరినూనె రాసినా, పీచుతో రుద్దినా ఊడదు. ‘ప్రేమతో, మా చేత్తో’ అని మెంతుల మీద ఏడాది పొడుగునా ఉంటుంది.