టముకు పోయింది, పేపరొచ్చింది

మా రోజుల్లో ఊరికి ఏ కబురైనా టముకు మీదే వచ్చేది. పొద్దు వాలే వేళకి తలారి రామాలయం అరుగు దగ్గర నాలుగు దెబ్బలు వేసి, "ఎల్లుండి కాలవ కట్టేస్తున్నారహో" అని అరిచాడంటే, మంచం దిగలేని ముసలమ్మకి కూడా తెలిసిపోయేది. ఇప్పుడు మా చేలకి పోయే పుంతకి అడ్డంగా తాటిచెట్టులో సగమంత ఎత్తు రోడ్డుకట్ట లేస్తోందన్న సంగతి, కట్ట లేచాక తెలిసింది మావాళ్లకి.

మొన్న సాయంత్రం పదిమంది నా అరుగెక్కారు. "మేష్టారూ, ట్రాక్టరు చేలోకి దిగే దారి లేదండీ. అండర్‌పాసు ఎక్కడో రెండు కిలోమీటర్ల అవతల పెట్టారండీ. ఓ అర్జీ రాసిపెట్టండి."

"పేపర్లో పడినప్పుడు ఏం చేశార్రా?" అన్నాను.

"ఏ పేపరండీ?"

అదీ వరస. పొద్దున్నే కాఫీ హోటల్లో పేపరు నలిపి నాశనం చేసేది వీళ్లే. సినిమా పేజీ అట్టు చల్లారేదాకా చదువుతారు. సర్వే నంబర్లు చీమలబారులా పరిచిన పేజీ మాత్రం గారెల కింద నూనె పీలుస్తూ ఉంటుంది. మా పుంత కథంతా ఆ నూనె కాగితంలోనే ఉంది.

జాతీయ రహదారికి భూమి తీసుకోవాలంటే ముందు జాతీయ రహదారుల చట్టం కింద త్రీ-ఏ నోటిఫికేషన్ వేస్తారు. గెజిట్ మనమెవరం చూడం కాబట్టి, దాని సారాంశం ఇక్కడి రెండు పత్రికల్లో వేయాలి, అందులో ఒకటి మన భాషలోది కావాలి. నోటిఫికేషన్ పడింది మొదలు 21 రోజులు. ఆ భూమితో సంబంధమున్న ఎవరైనా ఆలోగా, ఫలానా కారణం అని కాగితం మీద రాసి ఇస్తే, అధికారి పిలిచి వినాల్సిందే. మనకి నోరు లేకపోతే ప్లీడర్ని పంపుకోవచ్చు. విన్నాక ఆయన కాదంటే ఆ చట్టం కింద అదే ఆఖరి మాట. ఆపైన త్రీ-డీ నోటిఫికేషన్ పడిందా, భూమి కేంద్ర ప్రభుత్వానిది. ఇక మనం అడగ్గలిగేది డబ్బెంతని మాత్రమే.

నా కడుపుమంట ఇంకోటుంది. తెల్లవాడు 1894లో చేసిన భూసేకరణ చట్టానికి 1923లో అభ్యంతరాల సెక్షను తగిలించి 30 రోజులిచ్చారు. 2013లో మనవాళ్లు కొత్త చట్టం చేసి 60 రోజులిచ్చారు. బాగుంది. కానీ జాతీయ రహదారులకి వేరే చట్టం, 1956ది. దాన్ని 1997లో సవరించి 21 రోజులు పెట్టారు. నష్టపరిహారం లెక్కలైతే కొత్త చట్టం నుంచి తెచ్చుకున్నారు గానీ గడువు మాత్రం తెచ్చుకోలేదు. మూడు వారాలంటే మా ఊళ్లో కోతల హడావుడికే చాలవు.

మా రోజులేమీ కృతయుగం కాదులెండి. ఆ 30 రోజుల సంగతి మాకెవరు చెప్పారు గనక? 1974లో కొవ్వూరుకీ రాజమండ్రికీ మధ్య, కింద రైలు, పైన రోడ్డు పెట్టి వంతెన వచ్చిందంటే ఎగబడి చూసొచ్చాం గానీ, ఎక్కడ కడుతున్నారు, ఎందుకక్కడ అని అడగొచ్చన్న ఊహే లేదు. మా ఊరి కాలవ మీద బల్లకట్టు తీసేసి వంతెన కడతామన్నప్పుడు ఒక్కసారి అడిగారు పాపం. ఓవర్సీరుగారు సైకిలేసుకొచ్చి రావిచెట్టు కింద కూర్చుని, "ఎక్కడ కావాలయ్యా?" అన్నాడు. ఊరంతా ఒక్క గొంతుతో బడి ఎదురుగా అంది. ఆయన రాసుకుని, మునసబుగారింట భోజనం చేసి వెళ్లాడు. వంతెన మునసబుగారి కొబ్బరితోట ఎదురుగా లేచింది. 1984లో మునసబులు పోయారు, వంతెన అక్కడే ఉంది. అయితే ఓవర్సీరు ఆ దారిన పోయినప్పుడల్లా మా నాయనమ్మ గట్టు మీద నిలబడి కడుపారా తిట్టేది, ఆయన తలొంచుకుని పెడలు తొక్కేవాడు. ఇప్పుడా సుఖమూ లేదు. గీత గీసినవాడు ఏ ఊళ్లో ఉంటాడో తెలియదు. ఊరి మీద తిరిగిన డ్రోన్ని తిడితే దానికి సిగ్గా!

పెద్ద రోడ్లకి పర్యావరణ అనుమతి కావాల్సినచోట ప్రజాభిప్రాయ సేకరణ అని ఇంకోటి పెడతారు. ఇప్పుడు నడిచే పద్ధతి 2006ది. నెలరోజుల ముందు పత్రికలో ప్రకటన, తెలుగులో నివేదిక సారాంశం, అధ్యక్షత కలెక్టరుగారిదో ఆయన తరఫు అధికారిదో, అంతా వీడియో. దీనికి కోరం లేదు. ఎవరూ రాకపోయినా ఆగదన్నమాట. వేరే రోడ్డుకి పెట్టినప్పుడు నేను వెళ్లాను. షామియానా, కుర్చీలు, మైకు. మురుగునీరు పోవడానికి ఫలానా చోట తూము కావాలని చెప్పాను. చివర్లో ఎవరేమన్నదీ తెలుగులో చదివి వినిపించాలి, అదీ నిబంధనే. అది మొదలయ్యేసరికి జనమంతా పులిహోర పొట్లాల దగ్గరున్నారు. నేనొక్కణ్ణీ కూర్చుని విన్నాను. నా తూము లేదు. లేచి, "అయ్యా, ఆ కెమెరా ఇటు తిప్పించండి" అన్నాను. అప్పుడు చేర్చారు. తూము వచ్చింది కూడా. వెడల్పు నేనడిగినదాంట్లో సగం. పులిహోర అయిపోయింది.

సరే, మా పుంత. ఎంత సణిగినా అర్జీ రాయక తప్పుతుందా? కట్ట తియ్యమని అడిగి లాభం లేదు గనక, కట్ట పక్కనే చేలదాకా సర్వీసు రోడ్డు వేయమని రాశాను. సర్వే నంబర్లు వేశాను, పుంత ఉన్న సర్వే నక్షా (ఎఫ్ఎంబీ) జత చేయమన్నాను. సోమవారం గ్రీవెన్సులో ఇచ్చి రసీదు పట్టుకోండన్నాను.

"రసీదెందుకండీ, మొహాలు చూస్తారుగా?" అన్నాడొకడు.

సంతకాలు పెట్టమంటే ఒక్కడి జేబులో పెన్ను లేదు. నాదే అందరి చేతులూ తిరిగింది. అర్జీ పట్టుకుని వెళ్లిపోయారు. పెన్ను కూడా.