పాటడబ్బ పద్యము: టీకా తాత్పర్య సహితము

మూలంలో లేనిది ఒక్క ముక్కా రాయనని వ్యాఖ్యాత మల్లినాథసూరి ప్రతిజ్ఞ పట్టాడు. ఆ మడి మాకు చేతకాదు గనుక మూలాన్ని కూడా మేమే రాసుకున్నాము. పద్యం ఆటవెలది. గణాలు, యతులు సరిపోయాయి. అనుమానం ఉన్నవారు వేళ్లు మడిచి లెక్కపెట్టుకోవచ్చు. విషయం గుంటూరు, ప్రకాశం మైదానాల్లోని పత్తి, మిరప చేలలో మోగే పాటల డబ్బా. దాన్ని కొనవచ్చునా, కూడదా అన్నది విచారణ.

మూలము

పాట డబ్బ మోగె పత్తి చేల నడుమ
మిరప కోతకదియె మేటి తోడు
చార్జి పోయెనేని చప్పుడు లేనట్టి
బరువె తప్ప దాన ఫలము లేదు

అవతారిక

ఈ నేలకు పాత సాహిత్యంలో పెద్ద మర్యాద దక్కలేదు. పల్నాడు వచ్చిన శ్రీనాథుడు ఇక్కడి జొన్నన్నం మింగలేక తిట్టిపోశాడని ఆయన పేరిట చాటువులు తిరుగుతుంటాయి. ఆయన అదృష్టమో దురదృష్టమో గాని, మిరపకాయ మాత్రం ఎరగడు. ఆయన పదిహేనో శతాబ్దపు మనిషి. మిరప పోర్చుగీసువాళ్ల ఓడలెక్కి మన రేవులకు చేరింది పదహారో శతాబ్దంలో. కనుక మిరప కోత మీద పూర్వ వ్యాఖ్యాతల మాట ఏదీ లేదు. మేము ఎవరినీ ఖండించే అవసరం రాలేదు. ఇది ఈ వ్యాఖ్యానానికి లోటే.

ప్రతిపదార్థము

పాట డబ్బ = అరచేతిలో ఇమిడేది మొదలు ఇటుకంత వరకు ఉండి, పక్కన చిప్పు దూర్చే సందు, పైన నాలుగు బటన్లు, ముందు జాలీ గల యంత్రము. "డబ్బా" అనక "డబ్బ" అనుట ఛందస్సు కోసము. వెయ్యి రూపాయల లోపు దొరుకుతుంది. 2017లో సారెగామ కంపెనీ అయిదు వేల పాటలు లోపలే పోసి అమ్మకానికి పెట్టిన కారవాన్ వేరు; అది పట్నంలో కొడుకులు ఇంట్లో ఉన్న నాన్నకు పంపే వస్తువు, చేలోకి రాదు. చేలోకి వచ్చే డబ్బాల్లో చాలావాటి పొట్టలో ఉండేది ఒకనాటి నోకియా ఫోన్ల బీఎల్-5సీ బ్యాటరీ. ఫోన్లు పోయాయి, బ్యాటరీ బతికింది. ఛార్జింగులో వేడెక్కే ప్రమాదం ఉందని 2007లో నోకియా 4 కోట్ల 60 లక్షల బ్యాటరీలకు మార్పిడి ప్రకటించినది ఈ జాతికే. కాబట్టి రాత్రంతా ఛార్జింగు పెట్టి దిండు కింద దాచుట కూడదు.

మోగె = మోగెను. ఏమి మోగెనో కవి చెప్పలేదు. ఇక్కడ వ్యాఖ్యాత కొంత శ్రమపడాలి. మామూలు రకం ఎంపీత్రీ పాట నిమిషానికి ఒక ఎంబీ తింటుంది. నాలుగు నిమిషాల పాటలు 32 జీబీ చిప్పులో దాదాపు ఎనిమిది వేలు పడతాయి. రోజుకు ఎనిమిది గంటలు వాయిస్తే రెండు నెలలు దాటాక గాని మొదటి పాట మళ్లీ రాకూడదు. రోజూ పొద్దున్నే అదే పాట ఏల వచ్చుచున్నది? ఏలయనగా, చవక డబ్బాల్లో చాలావరకు ఆపి మళ్లీ పెడితే మొదటినుంచే ఎత్తుకుంటాయి. పాటలు ఎక్కించిన వరసే పాడే వరస. ఆ వరస నిర్ణయించేవాడు సెంటర్లో సెల్ షాపు కుర్రాడు. "అన్నీ కలిపి ఎక్కించు బాబూ" అంటే అతడు తన కంప్యూటర్లో ఏది ముందుంటే అది ఎక్కించి, చిప్పు కాగితంలో చుట్టి ఇస్తాడు. ఒక మండలంలోని చేలన్నీ సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఏ పాటతో నిద్ర లేవాలో తేల్చే అధికారం ఇరవై ఏళ్ల వాడి చేతిలో ఉంది. ఆ సంగతి అతడికి తెలియదు.

ఆ కుర్రాడు పుణ్యానికి పోయి భక్తి పాటలు కూడా కలుపుతాడు. అందులో ఘంటసాల భగవద్గీత ఉంటుంది. 1974 ఫిబ్రవరి 11న ఘంటసాల వెళ్లిపోయాక ఆ రికార్డును హెచ్.ఎం.వి. విడుదల చేసింది. తర్వాతి సంవత్సరాల్లో తెలుగు ఊళ్లలో అది చావు ఇంటి ముందు మైకులో వేసేదిగా స్థిరపడింది. మాస్ పాటల మధ్య, మిట్టమధ్యాహ్నం, ఉన్నట్టుండి ఆ గొంతు వినబడితే కాయ కోసే చేతులన్నీ ఆగుతాయి. "ఏందే, ఎవరు పోయారంట?" అని వరస చివరి పెద్దమ్మ కేక వేస్తుంది. ఎవరూ పోలేదని తేలి, బటన్ నొక్కి, మళ్లీ డాన్సు పాట అందుకొనే లోపల అయిదు నిమిషాల కూలి పోవును.

పత్తి చేల నడుమ = పత్తి తీతలో. ఒడి కట్టుకొని రెండు చేతులా తీసే పని గనుక డబ్బాకు మూడో చెయ్యి లేదు. ఒడిలో వేసుకుంటే పైన పత్తి పడి పాటను మింగేస్తుంది. సినిమా హాలు గోడలకు మెత్తటి పలకలు కొట్టేది ఎందుకో ఇక్కడ ఊరకనే తెలుస్తుంది. భుజాన తగిలించుట ఉత్తమము. చెట్టు మొదట పెట్టుట మధ్యమము. ఒడిలో వేయుట అధమము.

మిరప కోతకు = డిసెంబరు, జనవరిలో మొదలై ఏప్రిల్ దాకా, ఒకే చేలో పండినకొద్దీ విడతలు విడతలుగా సాగే కోతకు. ఊళ్లో మనుషులు చాలరు. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలే వలస వచ్చి గుడారాలు వేసుకుంటాయి. వాళ్ల చిప్పులో కన్నడ పాటలు కూడా ఉంటాయి. పక్క చేలో మన ముఠా డబ్బా, ఇటు వాళ్ల డబ్బా. దీనిని గూర్చిన శంక ముందు రాగలదు.

అదియె = అదే. ఈ "ఎ"కారం నిశ్చయార్థకము. అది తప్ప వేరొకటి కాదు, అనగా ఫోను కాదు, చెవిలో పెట్టుకునే పుల్లలు అసలే కాదు. ఏలయనగా మిరపకాయ ఘాటు క్యాప్సైసిన్ అనే పదార్థానిది. అది నీటికి లొంగదు, నూనెకు లొంగుతుంది. బోరు కింద ఎంతసేపు చేతులు కడిగినా వేళ్లకు అది ఉండనే ఉంటుంది. కొబ్బరినూనె రాసి తుడిస్తే కొంత వదులుతుంది. ఆ వేలితో ఇయర్‌ఫోన్ సర్దుకున్నవాడికి రాగం కన్న ముందు మంట వినబడును. తొడుగులు వేసుకుందామా, ఫోను తెర వాటి మాట వినదు. బటన్ల డబ్బాను మోచేత్తోనైనా నొక్కవచ్చు.

ఇంతకన్న పెద్ద దోషం మరొకటి ఉంది. సాయంత్రం కాటా దగ్గర మేస్త్రి తూకం పైకి చదువుతాడు. "డబ్బా ఆపండమ్మా, కాటాకి రండి" అనగానే అందరి చెవులూ ఒకేసారి ఖాళీ అవుతాయి. తన తూకంతో పాటు పక్కావిడ తూకం కూడా అందరికీ వినబడుతుంది. తేడా వస్తే అడగడానికి సాక్షులుంటారు. చెవిలో పుల్లలున్న పిల్లకు తూకం వినబడదు. పోయిన కిలో ఏ పాటలో పోయిందో ఆమెకు ఎన్నడూ తెలియదు. వెనక నుంచి వచ్చే ట్రాక్టరు, గట్టున పాకే పురుగు వంటివి ఈ కిలో ముందు చిన్న దోషాలు.

మేటి తోడు = మంచి సావాసము. కోత వేళకే కాదు, రాత్రి కల్లంలో ఎండుకాయల కుప్పల పక్కన పట్టాలు కప్పుకొని కావలి పడుకునే రైతుకూ ఇదే తోడు. దొంగ డబ్బా మోత విని మనిషి మేలుకొనే ఉన్నాడని వెనక్కి పోతాడు. మనిషి నిద్రపోయినా డబ్బా పాడుతూనే ఉంటుంది గదా అని అడిగితే, అందువల్లనే తోడు అన్నాడు కవి.

చార్జి పోయెనేని = బ్యాటరీ అయిపోతే. ఇది లోపలి కారణము. బయటి కారణాలూ ఉంటాయి. 2021-22లో నల్ల తామరపురుగు మిరపను ఊడ్చిపెట్టిన ఏడు, నిండా ఛార్జింగున్న డబ్బాలు కూడా చాలా చేలల్లో మోగలేదు. కోయడానికి కాయ లేదు.

మిగిలిన పదముల అర్థము స్పష్టము.

తాత్పర్యము

పనిలో ఉన్నంతసేపూ ఉపకారి, ఆగిపోతే మోత బరువు. ఇట్టి లక్షణము మనుషులలోనూ కలదని కొందరు విస్తరిస్తారు. మేము విస్తరించము.

అలంకారము

ఛార్జింగు వైరు ఇంట్లో మరిచి వచ్చినవారి విషయంలో స్వభావోక్తి.

విశేషాంశము

ఒంటరిగా పాట వినడం మనిషికి పుట్టుకతో వచ్చింది కాదు. 1979 జూలై 1న సోనీ కంపెనీ జపానులో తొలి వాక్‌మన్ అమ్మకానికి పెట్టినప్పుడు దానికి హెడ్‌ఫోన్ తగిలించే రంధ్రాలు రెండు. ఇద్దరు వినవచ్చు, నారింజరంగు బటన్ నొక్కితే పాట తగ్గి, ఒకరి మాట ఒకరికి వినబడేది. మనిషి ఒక్కడే వింటూ కూర్చోవడం పక్కవాడికి అమర్యాద అవుతుందని కంపెనీ పెద్ద అకియో మోరితా భయం. ఆ భయం ఎంతోకాలం నిలవలేదు. తర్వాతి నమూనాల్లో ఆ బటన్ పోయింది, రెండో రంధ్రమూ పోయింది. 2001లో ఆపిల్ ఐపాడ్ వచ్చి వెయ్యి పాటలు జేబులో వేసింది. 2022లో ఆ పేరున్న చివరి పరికరాన్ని కూడా ఆపిల్ ఆపేసింది. ఫోను దాన్ని మింగింది. నరసరావుపేట అవతల చేలల్లో మాత్రం మోరితా భయం ఇంకా చెల్లుబాటవుతోంది. ఇక్కడ ఒకరు వింటే పదిమందీ వినాలి.

చేలోకి ఈ డబ్బా రాకముందు ట్రాన్సిస్టర్ ఉండేది. 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ కేంద్రం ఏది వేస్తే అది. పైగా 1980ల దాకా రేడియోకు పోస్టాఫీసులో ఏటా లైసెన్సు రుసుము కట్టాలి. పాట ఎంచుకునే హక్కు కూలి మనిషి చేతికి వచ్చింది టేపురికార్డరుతోనే; ఆ హక్కును చేలోకి మోసుకుపోగలిగింది ఈ డబ్బాతోనే.

శంక

రెండు డబ్బాలు పక్కపక్క చేలల్లో ఒకేసారి మోగితే గతి ఏమి?

సమాధానము. రెండు ముఠాలూ శబ్దం పెంచుతాయి. చిన్న స్పీకరు నిండా పెంచితే గరగరలే మిగులుతాయి, పాట చస్తుంది. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. దూరం సగం చేస్తే అంతే పెరుగుతుంది. కనుక శబ్దం పెంచక, డబ్బాను సాలు వెంట జరుపుకుంటూ పోవుట శాస్త్రసమ్మతము. జరిపే పని చంటిపిల్లాణ్ణి ఎత్తుకొచ్చిన తల్లికి అప్పగించుట ఆచారము; ఆమె ఎటూ గట్టుకు పోయి వస్తుంటుంది.

పూర్వపక్షము

డబ్బా వచ్చాక చేలో మనుషుల పాట చచ్చిందని పెద్దల ఆక్షేపణ. నాటులోనూ కలుపులోనూ ఒకరు అందుకుంటే పదిమంది తిరిగి పలికేవారు. డబ్బాకు మారుపలుకు అక్కర లేదు. ఈ మాట కొట్టిపారేయదగినది కాదు. అయినా నేరం పూర్తిగా డబ్బా మీద మోపడం మాకు సమ్మతం కాదు. పదిమంది కలిసి పాడాలంటే పదిమంది ఒక వరసలో, ఒకే జోరున కదలాలి. కిలోకు ఇంత అని కూలి కట్టిన రోజున ఎవరి జోరు వారిది, ఎవరి గోతం వారిది. ముందున్న మనిషి వెనకున్న మనిషి పాటకోసం ఆగదు. పాటను కాటా చంపింది. చచ్చిన చోటికి డబ్బా వచ్చి కూర్చుంది. కలిసి పాడకపోయినా కలిసి వినే వీలైనా అది మిగిల్చింది. చెవిలో పుల్లలు వస్తే అదీ పోతుంది.

రైతు ఆక్షేపణ వేరు: పాటల ధ్యాసలో పని సాగదని. కిలో లెక్క పెట్టినది తానే గనుక, పని సాగకపోతే నష్టం ముందుగా ఎవరిదో ఆయనకూ తెలుసు. ఈ ఆక్షేపణను తోసిపుచ్చడమైనది.

సిద్ధాంతము

ముఠాకు ఒకటి కొనవచ్చును, మనిషికొకటి కొనరాదు. బటన్లున్నదే కొనాలి. ఒక బ్యాటరీ ఎక్కువ తీసుకోవాలి. సెల్ షాపు కుర్రాడి పక్కన నిలబడి వరస చెప్పి ఎక్కించుకోవాలి. డబ్బులు మాత్రం అందరూ తలా కాస్త వేసుకోండి. మేస్త్రి ఒక్కడే కొంటే ఏప్రిల్ దాకా మేస్త్రికి ఇష్టమైన పాటలే వినాలి.